పౌండ్ల పింఛను, రూపాయల సంసారం

రామభజన ముగిసి ప్రసాదం పంచుతున్న వేళ మన మందిరాలలో ఈ మధ్య ఒక దృశ్యం తరచుగా కనబడుతున్నది. ఒక పెద్దావిడ చేతిసంచిలోనుంచి మడతపెట్టిన కాగితం తీసి, "మాస్టారూ, ఇదేమిటో కాస్త చూచి చెప్పండి" అంటుంది. ఆ కాగితం ఇంగ్లండునుంచి వచ్చినది. అందులోని మాటలన్నీ తీసివేస్తే మిగిలే ప్రశ్న ఒక్కటే: "మీరు బ్రతికే ఉన్నారా?" వినగానే నవ్వు వస్తుంది. కాని దానికి సకాలంలో జవాబు పంపకపోతే ఆమెకు నాలుగు వారాలకొకసారి వచ్చే పింఛను ఆగిపోతుంది.

మేము బడిపంతులం. ముప్పై ఏండ్లుగా ఈ మారిషస్ ద్వీపంలోనే పిల్లలకు లెక్కలు చెబుతున్నాము. తెలుగు మాకు తల్లి ఒడిలో వచ్చిన భాష కాదు. ఇంటిలో క్రియోలు మాటలే వినిపించేవి. తెలుగు సాయంకాలపు తరగతులలో బల్లమీద కూర్చుని నేర్చుకున్నాము. కాబట్టి బ్యాంకువారి మాటలకు సరియైన తెలుగు మాట తట్టని చోట నలుగురూ వాడే మాటనే వాడుతాము, చదువరులు మన్నింతురుగాక. ఈ వ్యాసంలోని సంగతులలో చాలా భాగం మా పిన్ని పింఛను ఆగిపోయిన ఆరు నెలలలో మేము నేర్చుకున్నవే.

మన దేశానికి 1968లో స్వాతంత్ర్యం వచ్చింది గాని దానితోపాటు ఉద్యోగాలు రాలేదు. ఆ రోజులలో ఇంగ్లండు ఆసుపత్రులు నర్సు శిక్షణ కోసం మన ద్వీపంనుంచి యువతీ యువకులను తీసుకొనేవి. మా పిన్ని 1969లో, ఇరవై ఏండ్ల వయసులో వెళ్ళింది. ఆమె పూర్వుడు కోరంగి రేవులో ఓడ ఎక్కి నెలకు ఐదు రూపాయల కూలికి చెరకు తోటకు వచ్చాడు. ఆమె విమానమెక్కి పౌండ్ల జీతానికి ఆసుపత్రికి వెళ్ళింది. నలభై ఏండ్లు రోగులకు సేవ చేసి, 2009లో తిరిగి వచ్చి, మా ఇంటికి నాలుగు ఇండ్ల అవతల చిన్న ఇల్లు కట్టుకున్నది.

ఆమెకు వచ్చేవి రెండు పింఛన్లు. ఒకటి బ్రిటిష్ ప్రభుత్వ పింఛను, రెండవది ఆసుపత్రి ఉద్యోగపు పింఛను. రెండూ పౌండ్లే గనుక చాలామంది రెంటినీ ఒకటిగానే చూస్తారు. అక్కడినుంచే చిక్కులు మొదలవుతాయి. వీటి కార్యాలయాలు వేరు, నియమాలు వేరు, పెరుగుదల వేరు. ఒక కార్యాలయానికి చిరునామా మార్పు తెలిపితే రెండవ కార్యాలయానికి తెలిపినట్లు కాదు.

ప్రభుత్వ పింఛను దయతో ఇచ్చేది కాదు. జీతంలోనుంచి కోసిన నేషనల్ ఇన్సూరెన్సు చందాకు వచ్చే ఫలం అది. ఆ కాలంలో దానిని అందరూ "స్టాంపు" అనేవారు, ఎందుకంటే నిజంగానే కార్డుమీద స్టాంపులు అంటించేవారు. ఎన్ని సంవత్సరాలు పూర్తి స్టాంపు కట్టారో దానినిబట్టి పింఛను. 2016 ఏప్రిల్ 6 తరువాత పింఛను వయసుకు వచ్చినవారికి కొత్త పద్ధతి: కనీసం 10 సంవత్సరాల చందా ఉండాలి, పూర్తి మొత్తానికి సాధారణంగా 35 సంవత్సరాలు కావాలి. అంతకు ముందు తరంవారికి పాత పద్ధతి. 2010 ఏప్రిల్‌కు ముందు పింఛను వయసు వచ్చిన స్త్రీలకు పూర్తి పింఛను రావాలంటే 39 సంవత్సరాలు, పురుషులకు 44 సంవత్సరాలు కావలసి ఉండేది.

మా పిన్ని నలభై సంవత్సరాలు పనిచేసింది గదా, పూర్తి పింఛను రావాలి గదా అని మేమూ అనుకున్నాము. రాలేదు. 1973లో పెండ్లి అయినప్పుడు ఆఫీసులో ఒక కాగితం ఇచ్చారట: పెండ్లయిన స్త్రీలు కోరుకుంటే తక్కువ స్టాంపు కట్టవచ్చునని. వారానికి కొన్ని షిల్లింగులు మిగులుతాయి, ఇంటికి పంపవచ్చునని సంతకం పెట్టేసింది. ఆ తక్కువ స్టాంపు కట్టిన సంవత్సరాలు పింఛను లెక్కలోకి రావని ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. కొత్తగా ఆ ఏర్పాటు కోరుకోవడం 1977లో ఆగిపోయింది. అప్పటికే కోరుకున్నవారు మాత్రం దానిలోనే సాగవచ్చును. పిన్ని 1986 వరకు సాగింది. నలభైలో పదమూడు పోగా ఇరవైయేడు మిగిలినవి. ముప్పైతొమ్మిదికి ఇరవైయేడు అంటే 70 శాతం. 2009లో పూర్తి మూల పింఛను వారానికి 95 పౌండ్ల 25 పెన్నీలు. ఆమెకు వచ్చినది 66 పౌండ్ల 68 పెన్నీలు. ఆ పదమూడేండ్లు మిగిలిన షిల్లింగులతో ఇక్కడ మా మామయ్యల చదువు సాగింది, అది వేరే సంగతి. లెక్క మాత్రం లెక్కే.

పిన్నితో ఒకే వార్డులో పనిచేసిన స్నేహితురాలు ఒకరున్నారు. ఆమె దక్షిణాఫ్రికా తెలుగామె. పెద్దలు నాటాల్ చెరకు తోటలకు వెళ్ళినవారు. ఆమె పెండ్లి చేసుకోలేదు, 39 సంవత్సరాలూ పూర్తి స్టాంపు కట్టింది. ఆమె కూడా 2009లోనే విరమించి డర్బనుకు తిరిగి వెళ్ళింది. ఆమెకు పూర్తి పింఛను: వారానికి 95 పౌండ్ల 25 పెన్నీలు. "నీకంటే నేనే నయం" అని పిన్నిని ఆటపట్టించేదట.

2021 ఏప్రిల్‌లో ఆ లెక్క తలక్రిందులయింది. ఆ నెలనుంచి పూర్తి మూల పింఛను 137 పౌండ్ల 60 పెన్నీలు. అందులో 70 శాతమంటే పిన్నికి 96 పౌండ్లు దాటింది. డర్బనులోని ఆమెకు మాత్రం అదే 95 పౌండ్ల 25 పెన్నీలు. 2025 ఏప్రిల్‌లో పూర్తి మూల పింఛను 176 పౌండ్ల 45 పెన్నీలు అయింది. పిన్ని వాటా 123 పౌండ్ల 52 పెన్నీలు. అక్కడ మళ్ళీ అదే 95 పౌండ్ల 25 పెన్నీలు. పన్నెండు సంవత్సరాల స్టాంపు ఎక్కువ కట్టిన ఆమెకు వారానికి 28 పౌండ్లు తక్కువ!

దీనికి కారణం వారు చేసిన పనిలో లేదు, ఎంచుకున్న ఊరిలో ఉన్నది. బ్రిటిష్ ప్రభుత్వ పింఛనును ప్రతి సంవత్సరం ఏప్రిల్‌లో పెంచుతారు. కాని విదేశాలలో నివసించేవారికి ఆ పెరుగుదల అన్ని చోట్లా అందదు. బ్రిటన్‌తో తగిన సామాజిక భద్రతా ఒప్పందం ఉన్న దేశాలలో నివసించేవారికే అందుతుంది. మన మారిషస్‌కు 1981నాటి ఒప్పందం ఉన్నది గనుక మనకు అందుతున్నది. ఐరోపా సమాజ దేశాలు, అమెరికా, జమైకా, బార్బడోస్, ఫిలిప్పీన్స్ వంటివి కూడా ఆ జాబితాలో ఉన్నవి. దక్షిణాఫ్రికా లేదు. మలేషియా లేదు, ఫిజీ లేదు, భారతదేశం లేదు. ఆస్ట్రేలియా, కెనడా సయితం లేవు. అక్కడ పింఛను మొదటిసారి తీసుకున్ననాటి మొత్తమే, లేక అక్కడికి వెళ్ళి స్థిరపడిననాటి మొత్తమే, చివరి వరకు. చెరకు తోటల బిడ్డలు స్థిరపడిన దేశాల పట్టిక వేస్తే అందులో చాలా భాగం ఈ గడ్డకట్టిన పట్టికలోనే కనబడుతుంది.

ఇది అన్యాయమని కోర్టుకు వెళ్ళినవారున్నారు. దక్షిణాఫ్రికాలో స్థిరపడిన ఆనెట్ కార్సన్ అనే ఆవిడకు 2000లో మూల పింఛను 67 పౌండ్ల 50 పెన్నీల దగ్గర ఆగిపోయింది. ఆమె వ్యాజ్యం 2005లో బ్రిటిష్ ప్రభువుల సభలో ఓడిపోయింది, 2010లో స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలోనూ ఓడిపోయింది. చట్టం ఆమె పక్షాన లేదని న్యాయమూర్తులు చెప్పారు. అది చట్టమైతే కావచ్చును గాని ఒకే కార్డుమీద ఒకే స్టాంపు అంటించిన ఇద్దరికి రెండు రకాల వృద్ధాప్యం ఎట్లా సమంజసమో మా లెక్కల బుద్ధికి ఎక్కడంలేదు.

మన ఇండ్లలో ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఈ సంగతి ఎందుకు ఇంత విస్తరించి చెప్పుచున్నామో తెలుస్తుంది. పిల్లలు మెల్‌బోర్నులోనో పెర్తులోనో స్థిరపడతారు. "అమ్మా, ఒక్కదానివే ఎందుకు, మా దగ్గరకు వచ్చేయి" అంటారు. ప్రేమతోనే అంటారు. ఇల్లు అమ్మి వెళ్ళిన తల్లి పింఛను ఆ రోజునుంచి గడ్డకట్టుకొంటుంది. చూచి రావడానికి కొన్ని నెలలు వెళ్ళడం వేరు, స్థిరనివాసం వేరు. వెళ్ళవద్దని మేము అనడంలేదు. వారానికి ఎంత తగ్గుతుందో, పదేండ్లకు ఎంతవుతుందో కాగితంమీద వేసి, పిల్లలకు చూపించి, ఆ లోటు ఎవరు పూరిస్తారో మాట్లాడుకొని వెళ్ళండి అంటున్నాము. విశాఖపట్టణం దగ్గర పూర్వుల ఊరు వెతికి అక్కడే చివరి రోజులు గడపాలని కలగనేవారికి కూడా ఇదే మాట. ఒక ఊరట ఉన్నది: గడ్డకట్టిన పింఛనుదారు మళ్ళీ బ్రిటన్‌కో మారిషస్‌కో వచ్చి నివసిస్తే అప్పటినుంచి నేటి రేటు వర్తిస్తుంది, గడచిన సంవత్సరాల లోటు మాత్రం తిరిగి రాదు. ఆసుపత్రి ఉద్యోగపు పింఛనుకు ఈ బెడద లేదు, ఏ దేశంలో ఉన్నా అది నియమం ప్రకారం పెరుగుతుంది.

డర్బను స్నేహితురాలికి చాలా కాలం ఈ నష్టం తెలియలేదు. ఎందుకంటే 2009లో పౌండుకు సుమారు 13 రాండ్లు, 2025లో సుమారు 24 రాండ్లు. పౌండ్లు అవే అయినా చేతికి వచ్చే రాండ్లు పెరుగుతూనే ఉన్నవి. "పింఛను పెరుగుతున్నది" అనుకున్నది పాపం. పెరిగినది పింఛను కాదు, రాండు బలహీనపడింది. దానితోపాటు అక్కడి దుకాణంలో ధరలూ పెరిగినవి.

ఇక మన రూపాయి. భారతదేశంనుంచి వచ్చిన కూలీల వెంటనే రూపాయి ఈ ద్వీపంలో వేళ్ళూనుకున్నది. 1876లో దానినే అధికార నాణెంగా నిర్ణయించారు. 1934లో దానిని పౌండుకు కట్టివేశారు: రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అనగా పౌండుకు 13 రూపాయల 33 సెంట్లు. పిన్ని వెళ్ళిననాడు కూడా అదే లెక్క. పది పౌండ్లు వస్తే నూటముప్పైమూడు రూపాయలని మా తాతయ్య వేళ్ళమీద చెప్పేవాడు. 1976లో ఆ ముడి విప్పారు. 1979లో 30 శాతం, 1981లో 20 శాతం రూపాయి విలువ తగ్గించారు. అప్పటినుంచి వేళ్ళు చాలడంలేదు. 2009లో పౌండుకు 50 రూపాయల చుట్టుపక్కల ఉండేది, 2025లో 60 చుట్టుపక్కల ఉన్నది. మధ్యలో ఎత్తుపల్లాలు చాలా ఉన్నవి. 2016 జూన్ 23న బ్రిటిష్ ప్రజలు ఐరోపా సమాజంనుంచి వైదొలగాలని ఓటు వేశారు. మరునాడే పౌండు పడిపోయింది. 2022 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ఒక చిన్న బడ్జెటు పెట్టి మళ్ళీ పడగొట్టింది. ఫ్లాక్ బజారులో టమాటాల ధర లండను ఓటుతో మారదు గాని టమాటాలు కొనే పిన్ని సంచిలోని రూపాయలు మారుతాయి.

బ్యాంకు గోడమీద రేట్ల పలక ఉంటుంది. దానిని చదవడం నేర్చుకోవాలి. పౌండు ఎదురుగా ఒక్క అంకె ఉండదు, చాలా అంకెలుంటాయి. బ్యాంకు మనదగ్గర కొనే రేటు ఒకటి, మనకు అమ్మే రేటు మరొకటి. పింఛను తెచ్చుకొనేవారు అమ్మేవారు, బ్యాంకు కొనేది; కనుక మనం చూడవలసినది కొనుగోలు రేటు. అందులోనూ నోట్లకు ఒక రేటు, ఖాతానుంచి ఖాతాకు వచ్చే బదిలీకి ఒక రేటు. నోట్ల రేటు ఎప్పుడూ తక్కువే. లండనునుంచి వచ్చే బంధువుల చేతికి పౌండ్ల నోట్లిచ్చి తెప్పించుకొనేవారు ఇది గమనించరు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక విడత పింఛను 800 పౌండ్లు. వార్తలలో చెప్పే నడిమి రేటు 60 రూపాయలు; ఆ ప్రకారం 48,000 రావాలి. బ్యాంకు బదిలీ కొనుగోలు రేటు 59.20 అయితే 47,360. పంపే దారిలో బ్యాంకులు పది పౌండ్లు కోసుకున్నవనుకోండి, మారేది 790 పౌండ్లే, చేతికి 46,768. తేడా 1,232 రూపాయలు. సంవత్సరానికి పన్నెండు విడతలు కావు, నాలుగు వారాలకొకటి గనుక పదమూడు. మొత్తం తేడా 16,016 రూపాయలు. పదిపౌండ్ల కోత రసీదులో కనబడుతుంది. రేటులోని కోత ఎక్కడా వ్రాసి ఉండదు, అడిగితే "మేము ఫీజు తీసుకోలేదు" అంటారు. తోటలలో ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోసే "డబుల్ కట్" గురించి మన పెద్దలు చెప్పేవారు. ఇది అంత క్రూరమైనది కాదు, నిజమే. కాని ఆనాటి కూలికి కోత ఎంతో తెలిసేది.

పింఛను తెచ్చుకొనే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది, నేరుగా ఇక్కడి బ్యాంకులోకి. అప్పుడు పింఛను స్థానిక ద్రవ్యంలోకి మారి వస్తుంది. ఏ రోజు ఏ రేటుకు మారినదో మన చేతిలో లేదు. దానికి బదులు శ్రమ లేదు, నడక లేదు. వయసు మీరినవారికి, పిల్లలు దగ్గర లేనివారికి ఇదే మేలని మా అభిప్రాయం. రెండవది, బ్రిటన్‌లో పాత ఖాతా ఉంచుకొని పౌండ్లు అక్కడ పడనిచ్చి కావలసినప్పుడు పంపించుకోవడం. రేటు చూచి పంపే వీలుంటుంది గాని ప్రతి బదిలీకి రుసుము ఉంటుంది, పైగా విదేశాలలో ఉండేవారి ఖాతాలను కొన్ని బ్యాంకులు మూసివేస్తున్నవి. మూడవది, మన దేశంలోనే పౌండ్ల ఖాతా తెరిచి, బ్రిటన్ ఖాతాలోని పౌండ్లను పౌండ్లుగానే ఇక్కడికి తెచ్చుకొని, కావలసినంతే మార్చుకోవడం. 1994లో మన దేశం విదేశమారక నియంత్రణలను ఎత్తివేసినది గనుక ఇది కుదురుతుంది. రెండవ, మూడవ దారులలో పంపేటప్పుడు "రుసుము ఎవరు భరిస్తారు?" అని అడుగుతారు: అంతా పంపేవారా, అంతా పుచ్చుకొనేవారా, చెరిసగమా. ఆ గడి చూడకుండా గీత పెట్టవద్దు.

నాలుగు వారాలకు బదులు పదమూడు వారాలకొకసారి పింఛను తీసుకొనే ఏర్పాటు కూడా ఉన్నది. విడతలు సంవత్సరానికి నాలుగే అవుతాయి గనుక స్థిరమైన రుసుములు తగ్గుతాయి. కాని పదమూడు వారాల సొమ్ము ఒక్కరోజు రేటుకు మారుతుంది. ఆ రోజు మంచిదైతే సరే.

మంచి రోజు కోసం ఎదురుచూచే జబ్బు ఒకటి ఉన్నది. మా వీధిలోని ఒక పెద్దాయన 2016 వసంతంలో పౌండు ఇంకా పెరుగుతుందని నాలుగు నెలల పింఛను లండను ఖాతాలోనే ఉంచాడు. ఈలోగా ఇల్లు గడవడానికి ఇక్కడ వడ్డీకి అప్పు చేశాడు. జూన్ వచ్చింది, ఓటు వచ్చింది, పౌండు పడింది. తక్కువ రేటుకు మార్చి, వడ్డీతో అప్పు తీర్చాడు. ఆయన మామూలుగా చాలా జాగ్రత్తపరుడు. పిన్ని పద్ధతి వేరు. నెల సంసారానికి ఎన్ని రూపాయలు కావాలో ఆమెకు తెలుసు. పింఛను పడిన వారంలోనే, రేటు ఏదైనా సరే, అంతవరకు మార్చివేస్తుంది. మిగిలినది పౌండ్లలోనే ఉంచుతుంది, ఎందుకంటే లండనులో ఉన్న కూతురిని చూడబోయే టిక్కెట్టు, అక్కడి ఖర్చు పౌండ్లలోనే గదా. పౌండ్లలో ఖర్చు లేనివారు పౌండ్లు కూడబెట్టడం జూదమే అవుతుంది.

పిన్నికి మన ప్రభుత్వపు వృద్ధాప్య పింఛను ఆలస్యంగా వచ్చింది. పద్ధెనిమిదేండ్ల వయసు తరువాత మొత్తంమీద 12 సంవత్సరాలు ఈ దేశంలో నివసించి ఉండాలన్నది అప్పటి నియమం, డెబ్బై దాటినవారికి ఆ షరతు లేదు. ఇరవై ఏటనే వెళ్ళిపోయిన ఆమెకు డెబ్బై నిండేదాకా అది అందలేదు. ఇప్పుడు ఆ పింఛను వయసే 60నుంచి 65కు క్రమంగా పెరుగుతున్నది, 2025 సెప్టెంబరునుంచి మొదలైనది. తిరిగి వచ్చేవారు మొదటి సంవత్సరాలు పౌండ్లమీదనే బ్రతకాలని లెక్క వేసుకోవాలి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. దానిని లైఫ్ సర్టిఫికెట్ అంటారు, జీవించి ఉన్నట్లు ధ్రువపత్రమన్నమాట. పింఛను కార్యాలయంవారు అప్పుడప్పుడు పంపుతారు. పదహారు వారాలలోగా సాక్షి సంతకంతో తిరిగి అందకపోతే పింఛను నిలుపుతారు. పిన్ని దేశానికి తిరిగి వచ్చిన కొత్తలో మా మామయ్య ఇంటి చిరునామా ఇచ్చింది. తరువాత సొంత ఇల్లు కట్టుకున్నది, చిరునామా మార్చలేదు. ఆసుపత్రి పింఛనువారికి వ్రాసి, అది రెండింటికీ చాలుననుకున్నది. మామయ్యా ఆ ఇల్లు విడిచి వెళ్ళాడు. కాగితం అక్కడికి వచ్చి ఏ డబ్బాలో ఎండకు ఎండిందో తెలియదు. 2014లో ఒక నెల ప్రభుత్వ పింఛను రాలేదు. పౌండు తగ్గినందువల్ల ఆలస్యమేమో అనుకున్నది! మరుసటి నెలా రాలేదు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. నలభై ఏండ్లు ఇంటికి డబ్బు పంపిన మనిషి, ఇప్పుడు డబ్బు లేదని ఏ నోటితో చెబుతుంది? మూలమీది దుకాణంలో కార్నే పుస్తకంలో అప్పు వ్రాయించుకున్నది. చక్కెర జబ్బుకు రక్తం చూచుకొనే పట్టీలు కొనడం మానేసింది. ఆసుపత్రిలో ఎందరికో ఆ పరీక్ష చేసిన చేతులవి. ఉగాదికి ఎప్పుడూ పిల్లలందరికీ బట్టలు పెట్టే ఆమె ఆ సంవత్సరం పండుగకే రాలేదు, కాళ్ళనొప్పులన్నది. దుకాణదారు మా ఆవిడతో "మీ పిన్నిగారి పుస్తకం నిండిపోయింది" అన్ననాడు మాకు తెలిసింది.

ఫోను చేశాము, మరొక పత్రం తెప్పించాము. సాక్షి కావాలి. పాస్‌పోర్టు ఫొటోమీద సంతకం చేయగలవారిలో ఎవరైనా సాక్షి కావచ్చును: వైద్యుడు, బ్యాంకు అధికారి, ఉపాధ్యాయుడు. సాక్షికి బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కరలేదు. ఉపాధ్యాయులం గనుక మేమే చేద్దామని కలం తీశాము. బంధువులు చేయరాదని అప్పుడు చదివాము. పక్క ఊరి ప్రధానోపాధ్యాయుడు చేశారు. ఆరు నెలల బకాయి ఒక్కసారిగా వచ్చింది, ఒక్కరోజు రేటుకు మారి. సొమ్ము పోలేదు. దుకాణం అప్పు తీరింది. కాని ఆ సంవత్సరం పిన్ని కాలి పుండు మానడానికి చాలా కాలం పట్టింది.

ఆ తరువాతనే మేము మందిరంలో కాగితాలు చూడడం మొదలుపెట్టాము. చూచినవాటిలో ఎక్కువ తగాదా పేర్లతో వస్తున్నది. మన పూర్వుల పేర్లను రేవులో గుమాస్తాలు విన్నట్లు వ్రాసుకున్నారు. సన్యాసి అనే ఒక్క పేరు ఒకే కుటుంబంలో మూడు రకాల స్పెల్లింగులతో ఉన్నది. జనన పత్రంలో ఒకటి, ఇంగ్లండులో స్టాంపు కార్డుమీద ఒకటి, ఇక్కడి బ్యాంకు ఖాతాలో మరొకటి. దానికితోడు పెండ్లి తరువాతి పేరు. పింఛను పేరు, ఖాతా పేరు కలియకపోతే సొమ్ము వచ్చిన దారినే తిరిగిపోవచ్చును. దేశం వదిలి వచ్చేముందే ఖాతాను పింఛను పేరుమీద తెరవండి, ఐబాన్ అనే పొడవాటి అంకెను బ్యాంకుచేత వ్రాయించుకొని ఒక్కొక్క అక్షరం సరిచూడండి.

ఇంకా పింఛను వయసు రానివారికి రెండు మాటలు. పింఛను దానంతట అది రాదు, అడగాలి; వయసు నిండడానికి నాలుగు నెలల ముందునుంచి అడగవచ్చును. ఆ వయసు 66గా ఉండేది. 1960 ఏప్రిల్ 6నుంచి పుట్టినవారికి నెలనెలగా పెరుగుతూ 1961 మార్చి 6నుంచి పుట్టినవారికి 67 అవుతున్నది. పది సంవత్సరాలు నిండనివారు ఇక్కడినుంచే స్వచ్ఛందంగా చందా కట్టి పూర్తి చేసుకొనే దారి ఉండేది; 2025 నవంబరు బడ్జెటు ప్రకటన ప్రకారం 2026 ఏప్రిల్‌నుంచి ఆ దారి బాగా ఇరుకైనది, తక్కువ రేటు చందా విదేశాలలో ఉన్నవారికి తీసివేశారు. ఐదారేండ్లు అక్కడ పనిచేసి వచ్చినవారు తమ రికార్డు తెప్పించి చూచుకోవాలి.

పింఛనుదారు మరణిస్తే కుటుంబంవారు వెంటనే రెండు కార్యాలయాలకూ తెలపాలి. పదమూడవ రోజు కర్మ ముగిసేదాకా ఆగుదామనుకొని మరచిపోయేవారున్నారు. తరువాత వచ్చిన సొమ్మును తిరిగి కట్టమంటారు, అది ఖర్చయిపోయి ఉంటుంది.

పిన్నికి ఇప్పుడు డెబ్బై ఆరు. రెండు పింఛన్ల కాగితాలు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి, డబ్బా మూతమీద రెండు కార్యాలయాల చిరునామాలు మా అబ్బాయి అంటించాడు. డర్బను స్నేహితురాలు క్రిందటి దీపావళికి ఫోను చేసి, "మీ ఊరిలో ఒక గది అద్దెకు దొరుకుతుందా?" అని అడిగింది. హాస్యానికి అడిగిందో నిజంగా అడిగిందో పిన్నికి తెలియలేదు. వెనుకనున్న గదికి సున్నం మాత్రం వేయించింది.